మీకు తెలుసా? పెట్టె నిండా పాటలే... మన పాట ఏది?

ఆర్మూర్‌లో పసుపు డబ్బులు చేతికొచ్చాయంటే ఇంట్లోకి ఏదో ఒక కొత్త వస్తువు రావాల్సిందే! ఈమధ్య ఆ వరుసలో పాటల పెట్టె కూడా చేరింది. చూడటానికి పాతకాలపు రేడియో. లోపల క్యాసెట్ లేదు, సీడీ లేదు. నాన్నకు ఘంటసాల అంటే ప్రాణమని కొడుకు కొంటాడు. అమ్మకు సుశీల అంటే ఇష్టమని బిడ్డ కొంటుంది. సరిగమ కంపెనీ తెలుగు 'కారవాన్' అది! మరి అందులో ముందే నింపిన పాటలెన్నో తెలుసా? అక్షరాలా 5,000!

ఆగకుండా వింటే ఎన్నాళ్ళు పడుతుంది? పాటకు 4 నిమిషాలు వేసుకోండి. 20,000 నిమిషాలు! అంటే దాదాపు 14 రోజులు, రాత్రీ పగలూ! ఇక్కడే ఉంది తమాషా. ఉడకబెట్టిన పసుపు కల్లంలో ఎండటానికి పట్టేది కూడా పది పదిహేను రోజులే. పసుపు ఆరబోసిన పొద్దున మీట నొక్కండి. అది గలగలమనేలా ఎండి మరపట్టడానికి సిద్ధమయ్యే నాటికి ఆఖరి పాట వస్తుంది!

ఇదే 5,000 పాటల్ని తాతల కాలంలో కొనుక్కుని ఉంటే? అప్పటి గ్రామఫోన్ రికార్డుకు పక్కకు ఒక్క పాటే. అంటే 2,500 రికార్డులు! ఒక్కోటి సుమారు 200 గ్రాములు. లెక్క కట్టండి... 5 క్వింటాళ్ళు! పాటల్ని కూడా మార్కెట్ యార్డులో కాంటా పెట్టాల్సి వచ్చేది! ఇప్పుడు అదంతా ఒంటి చేత్తో మోసుకుపోవచ్చు.

ఆ నల్ల రికార్డు దేంతో చేసేవారో తెలుసా? లక్కతో! అవును, చెట్ల కొమ్మల మీద చిన్న పురుగులు పెట్టే లక్కే! ప్రపంచానికి ఆ లక్క ఎక్కువగా మన దేశం నుంచే వెళ్ళేది. నిమిషానికి 78 సార్లు తిరిగే రికార్డు. చేయి జారిందా, ముక్కలే!

ఆ రికార్డు మీద ఒక పక్క పట్టేది మూడు, మూడున్నర నిమిషాలే! పాట అంతకన్నా పెద్దదైతే? చరణానికి కత్తెర! లేదంటే పాటను రెండు ముక్కలు చేసేవారు. మంచి రసపట్టులో లేచి రికార్డు తిరగేయాలి! అందుకే ఒక్కోసారి సినిమాలో విన్న చరణం ఇప్పటి సంకలనంలో వినిపించదు. మీ జ్ఞాపకం తప్పేమీ కాదు. అసలు రికార్డులోనే అది లేదు!

తర్వాత ఎల్పీ వచ్చింది. దాని మీద సన్నటి గాడి ఉంటుంది చూడండి, ముల్లు పరిగెత్తే దారి. పక్క నిండా పాటలున్న ఎల్పీలో ఆ గాడిని సాగదీస్తే ఎంత పొడవు వస్తుంది? దాదాపు అర కిలోమీటరు! ఒక్క పక్కకే! పాట వింటూ మనం కదల్లేదు గానీ, ముల్లు మాత్రం అంత దూరం నడిచొచ్చింది!

ఇప్పుడో బంగారంలాంటి ముచ్చట. ఎం.ఎస్. సుబ్బులక్ష్మి 60 ఏళ్ళు దాటాక కొత్త పాఠాలు నేర్చుకున్నారు! ఎవరి పాటలు? మన అన్నమయ్యవి! తిరుమల తిరుపతి దేవస్థానం కోసం పాడిన 'బాలాజీ పంచరత్నమాల' అలా పుట్టింది. ఎన్ని ఎల్పీలు? 5! పేరుకు తగ్గట్టే! మన భాషలో వచ్చిన పాటల సంపుటాలన్నిటిలో ముందు దేన్ని కొనాలని ఎవరడిగినా నేను దీని పేరే చెబుతాను. అన్నమాచార్య కీర్తనల్ని ఇంటింటికీ మోసిన గొంతుల్లో ఆమెదొకటి!

అన్నమయ్య దగ్గరే ఇంకాస్త ఆగుదాం. ఆయన రాసిన కీర్తనలు 32,000 అని చెబుతారు! వాటిని రాగిరేకుల మీద చెక్కించి తిరుమల గుళ్ళోనే ఒక రాతి గదిలో దాచారు. వందల ఏళ్ళు అక్కడే! కాగితం చెదలు తింటుంది. తాటాకు పొడి అవుతుంది. రాగి నిలిచింది! ప్రపంచంలో పాటల పెట్టెలు ఎన్నున్నా, రాతి గోడల పెట్టె ఇంకెక్కడుంది చెప్పండి!

కానీ ఆ పెట్టెలో కూడా అన్నీ లేవు! దొరికినవి సుమారు 14,000 మాత్రమే. సగానికి పైగా మాయం! మనకిష్టమైన ఒక్క సినిమా పాట జాబితాలో కనిపించకపోతేనే మనసు చివుక్కుమంటుంది. అక్కడ పోయింది వేల కీర్తనలు. తలచుకుంటే గుండె బరువెక్కుతుంది.

ఇంకో వింత! ఆ రేకుల మీద సాహిత్యం ఉంది. రాగం పేరు ఉంది. స్వరం మాత్రం లేదు! అంటే పాట ఉంది, పాడే తీరు పోయింది. మళ్ళీ బాణీలు కట్టినవాళ్ళు మన కాలం వాళ్ళే! ఒక్క గరిమెళ్ళ బాలకృష్ణప్రసాద్ గారే 600కు పైగా కీర్తనలకు స్వరం పోశారు! ఈసారి గుడి మైకులో అన్నమయ్య పాట వినిపిస్తే, ఆ బాణీ ఎవరిదో ఒక్కసారి అడిగి చూడండి.

పి. సుశీల గారి లెక్క వింటే కళ్ళు తిరుగుతాయి! 2016లో గిన్నిస్ బుక్ వాళ్ళు లెక్క తేల్చారు. ఎన్ని పాటలు? 17,695! ఇందాకటి 5,000 పాటల పెట్టెను మొత్తం ఆమెకే ఇచ్చేసినా మూడో వంతు కూడా పట్టవు! ఇక జానకి, బాలు, ఘంటసాల, లీల వాళ్ళంతా ఎక్కడ కూర్చోవాలి? అందుకే ఎంత పెద్ద పెట్టె కొన్నా, జాబితా చదువుతుంటే ఎక్కడో ఒకచోట మీ నోటి వెంట 'అరెరె' అని వస్తుంది!

మరి ఉన్న పాటలైనా తలుచుకోగానే వస్తాయా? ఇక్కడొక లెక్క పట్టుకొచ్చాను, జాగ్రత్తగా వినండి! 5,000 చీటీలు ఒక డబ్బాలో వేశారనుకోండి. ఒకటి తీయాలి, చూడాలి, మళ్ళీ డబ్బాలోనే వేయాలి. ఇలా ఎన్నిసార్లు తీస్తే వచ్చిన చీటీయే మళ్ళీ వస్తుంది? వేలల్లో అనుకుంటున్నారా? కాదు! 84 సార్లకే ఆ అవకాశం సగం దాటుతుంది! యంత్రం పాటల్ని అచ్చంగా ఇలాగే కలగాపులగంగా తీస్తే, ఐదు వేలున్నా మొదటి 84 పాటల్లోనే ఒకటి మళ్ళీ మోగొచ్చు. 'పెట్టె పాడైంది' అని దుకాణానికి పరిగెత్తకండి!

దీనికి అవతలి కొస ఇంకా విచిత్రం! అదే డబ్బాలోంచి మీకు కావాల్సిన ఆ ఒక్క చీటీ రావాలంటే? వచ్చే అవకాశం సగానికి చేరడానికే 3,466 సార్లు తీయాలి! పాటలుగా వింటే తొమ్మిది రోజులు దాటుతుంది! వద్దన్న పాట రెండోసారి వచ్చేస్తుంది. కావాలన్న పాట రానే రాదు. ఇది మీ అదృష్టం బాగోలేక కాదు. లెక్కే అంత!

ఇంకో చికాకు చెప్పనా? 1950ల నాటి పాట మెల్లగా వస్తోందని సౌండు పెంచుతాం. వెంటనే 80ల నాటి పాట వచ్చి చెవులు గింగురుమంటాయి! ఒక్కో కాలంలో ఒక్కో మోతాదులో రికార్డు చేశారు మరి. 10 డెసిబెల్స్ తేడా చాలు, చెవికి మోత రెట్టింపైనట్టే! మంచి సంకలనం చేసేవాళ్ళు ముందు పాటలన్నిటి మోతాదూ సరిచేస్తారు. ఆ శ్రద్ధ లేని సంకలనం పది నిమిషాల్లోనే బయటపడిపోతుంది!

క్యాసెట్ల రోజులు గుర్తున్నాయా? ఒక గంట క్యాసెట్లో ఉండే టేపు పొడవు దాదాపు 86 మీటర్లు! సెకనుకు ఐదు సెంటీమీటర్లకు లోపే కదిలేది. అది బయటికొచ్చి చిక్కు పడిందా, ఇంటిల్లిపాదీ చుట్టూ చేరేవాళ్ళు!

ఆ చిక్కు విప్పేది పెన్సిలే! ఎందుకో ఎప్పుడైనా గమనించారా? క్యాసెట్ చక్రం లోపల పళ్ళు 6. మనం బడికి తీసుకెళ్ళే పెన్సిల్‌కు పలకలు 6! చక్కగా ఇమిడిపోతుంది!

సీడీకి ఇంకో గమ్మత్తు ఉంది! రికార్డు అంచు నుంచి మధ్యకు పాడుతుంది. సీడీ మధ్యలోంచి అంచుకు పాడుతుంది! దాని మీది సన్నటి దారిని విప్పితే 5 కిలోమీటర్లు దాటుతుంది. ఆర్మూర్‌లో మొదలుపెడితే పెర్కిట్ దాటి పోతుందన్నమాట!

తర్వాత ఎంపీ3 సీడీలు వచ్చాయి. బస్టాండ్ల ముందు కుప్పలు కుప్పలు! 700 ఎంబీ సీడీలో మామూలు నాణ్యతతో నాలుగు నిమిషాల పాటలు ఎన్ని పడతాయి? దాదాపు 180! ఒక్క బిళ్ళలో ఘంటసాల గారి పాటల పండుగ! కానీ తెర మీద పాట పేరు ఉండదు. 'ట్రాక్ 1', 'ట్రాక్ 2' అంతే. పైగా ఒక సీడీలో ఉన్న పాటలే ఇంకో పేరుతో ఉన్న సీడీలోనూ! 'హిట్స్' అంటారు, 'గోల్డెన్ హిట్స్' అంటారు, విప్పితే అవే పాటలు. అభిమానిని ఇలా రెండుసార్లు కొనిపించడం అన్యాయం!

బయటి దేశాల్లో ఈ పెట్టెల పిచ్చి ఇంకా ముదిరింది! మోజార్ట్ చనిపోయి 225 ఏళ్ళయిందని 2016లో ఆయన సంగీతమంతా ఒక్క పెట్టెలో పెట్టారు. సీడీలు ఎన్ని? 200! కొన్ని వేల పెట్టెలే అమ్ముడుపోయాయి. కానీ లెక్కేసింది ఒక్కో సీడీని విడివిడిగా! ఇంకేముంది, ఆ ఏడాది అత్యధికంగా అమ్ముడుపోయిన సీడీగా వార్తల్లోకి ఎక్కింది. రెండు శతాబ్దాల కిందటి మనిషి ఇప్పటి కుర్ర గాయకుల్ని దాటేశాడు!

అమెరికాలో గ్రేట్‌ఫుల్ డెడ్ అని ఒక బ్యాండ్. 1972లో యూరప్ అంతా తిరిగి పాడింది. 2011లో ఆ కచేరీలన్నిటినీ ఒక చిన్న ట్రంకు పెట్టెలో పెట్టి అమ్మారు. మొత్తం 73 సీడీలు! అవే పాటలు, ఊరూరికీ మళ్ళీ మళ్ళీ! విసుగు రాలేదా? రాలేదు! ఏ ఊళ్ళో ఎలా పాడారో పోల్చుకోవడమే అభిమానుల ఆనందం. మన నాటక పద్యాల అభిమానులకు ఇది చెప్పక్కర్లేదు. ఒకే పద్యాన్ని పదిమంది నోట వినడం మనకు ఎప్పటి నుంచో ఉన్న అలవాటే!

మరి మనకూ అలా ఒకే మనిషి పాటలన్నీ ఒక్క పెట్టెలో ఎందుకు రావు? ఇళయరాజా గారినే తీసుకోండి. 1,000కి పైగా సినిమాలు! ఆ పాటల హక్కులు తలా ఒక కంపెనీ దగ్గర ఉన్నాయి. ఒకరి పాట ఇంకొకరి పెట్టెలోకి ఊరికే రాదు. మీ పెట్టెలో సగం ఇళయరాజా కనిపించకపోవడానికి కారణం ఇదే!

హక్కులకూ గడువుంది, తెలుసా? మన చట్టం ప్రకారం రికార్డింగ్ మీద హక్కు విడుదలైన 60 ఏళ్ళ వరకే! కానీ సాహిత్యానికీ సంగీతానికీ లెక్క వేరు. రాసినవారు, స్వరపరిచినవారు కన్నుమూశాక 60 ఏళ్ళు! ఒకే పాటకు రెండు గడియారాలు!

'మాయాబజార్' పాటలు ఎవరి సంగీతం? ఘంటసాల గారిదే కదా అంటారు. పెట్టె మీద కూడా అదే ఉంటుంది. కానీ అందులో 4 పాటల బాణీలు సాలూరి రాజేశ్వరరావు గారివి! ఆయన మధ్యలో తప్పుకుంటే మిగతా పని ఘంటసాల గారు పూర్తిచేశారు. అట్ట మీద రెండు పేర్లూ వేస్తే ఎంత బాగుంటుంది!

ఘంటసాల గారి భగవద్గీత వినని తెలుగు ఊరుందా? గీతలో 700 శ్లోకాలు. అందులోంచి వందదాకా ఏరి, పాడి, తెలుగులో తాత్పర్యం చెప్పారు. అంత గొప్ప ఎంపికను ఇప్పటికీ ఎవరూ దాటలేదు! కానీ రికార్డు విడుదలయ్యే నాటికి ఆయన లేరు. 1974 ఫిబ్రవరి 11న వెళ్ళిపోయారు. ఊరూరా మోగిన ఆ గొంతును రికార్డు మీద ఆయన చూసుకోనే లేదు!

చివరికో చిన్న రహస్యం. పెట్టెలో మీ పాట లేదా? అదే పెట్టెకు రేడియో మీట కూడా ఉంటుంది. 103.2 దగ్గర ఆపండి. ఆకాశవాణి నిజామాబాద్! తర్వాత ఏ పాట వస్తుందో మీకు తెలియదు, నాకూ తెలియదు. అందులో ఉన్న సరదా ఏ జాబితాలోనూ లేదు!

ఇక పసుపు అమ్మి పాటల పెట్టె కొనాలనుకునేవాళ్ళకు ఒక మాట. డబ్బు కట్టే ముందు పాటల జాబితా అడగండి. నాన్నకు నచ్చిన పాటలు పది రాసుకెళ్ళి, ఉన్నాయో లేదో చూసుకోండి. లేని వాటిని పెన్‌డ్రైవ్‌లో వేసి పెట్టెకు తగిలించవచ్చు. అటక మీద పాత క్యాసెట్లు ఉంటే మాత్రం, దయచేసి కాపీ చేయించకుండా పారేయకండి. మీ ఊరి భజన, మీ తాత పాడిన పద్యం ఏ కంపెనీ పెట్టెలోనూ దొరకవు!