కోలారు సీమలో పురుషవేషము: ప్రసిద్ధ పురుషుల ప్రభావము

కోలారు జిల్లా పాత మైసూరు రాజ్యమునకు తూర్పు వాకిలి వంటిది. ఒకవంక చిత్తూరు, అనంతపురము సీమలును, మఱియొకవంక తమిళదేశమును దీనికి పొరుగు. ముళబాగిలు, శ్రీనివాసపురము, చింతామణి, బాగేపల్లి, గౌరీబిదనూరు ప్రాంతములలో అనేక కుటుంబములకు తెలుగు ఇంటిభాష. కన్నడము బడిభాష, కచేరీభాష. బంగారుగనుల పట్టణమున తమిళము వీధిభాష. 2007లో చిక్కబళ్ళాపురము వేఱు జిల్లాగా ఏర్పడినది గాని, వేషభాషల విషయమున ఆ విభజనకు అర్థము లేదు గనుక ఇచ్చట ఉభయ జిల్లాలును ఒక్కటే సీమగా గ్రహింపబడినవి. ఇట్టి మూడు భాషల కూడలిలో మగవాడు తన తలకట్టును, కోటును, మీసమును ఎవరిని చూచి దిద్దుకొనెనను ప్రశ్న చిన్నదిగా తోచును. కాని ఎవరి వేషమును ఎవరు ధరింపవచ్చుననునది మన సంఘమున ఏనాడును చిన్న ప్రశ్న కాలేదు.

పూర్వము రైతునకు పంచెయు, భుజముపై తుండును, తలకు నూలు రుమాలును వేషము. రుమాలు ఎండకు గొడుగు, చలికి దుప్పటి, బరువు మోయునపుడు చుట్టకుదురు, సంతలో మూటగుడ్డ. దానిని చుట్టు తీరును బట్టి కులమును, ఊరును చెప్పగలవారుండిరి. మైసూరు ఆస్థానమున రూపొందిన పేట యిట్టిది కాదు. అది పట్టుతోను, జరీ అంచుతోను ఒప్పునది. నుదుటికి పైగా మడతలు తీరుగా అమర్చి చుట్టవలసినది. దర్బారునకు పోవువానికి నియతమైన వేషముండెడిది. అందు తలపాగా విడువరాని భాగము. రాజునకు దివాను, దివానునకు అమలుదారు, అమలుదారునకు షేకుదారు, వానికి బడిపంతులు – ఈ క్రమమున పేటయు కోటును మెట్టుమెట్టుగా క్రిందికి దిగినవి. దిగిన కొలదియు పట్టు నూలైనది, జరీ సన్నగిలినది, రూపము మాత్రము నిలిచినది.

ఈ రూపమునకు చిరస్థాయి కల్పించినవాడు మోక్షగుండం విశ్వేశ్వరయ్య. నంది కొండల చేరువనున్న ముద్దేనహళ్ళి ఆయన జన్మస్థలము. నేడది చిక్కబళ్ళాపుర జిల్లాలోనిది. ఇంటి పేరే చెప్పుచున్నట్లు పూర్వులు కర్నూలు సీమకు చేరియుండిన మోక్షగుండము నుండి వచ్చిన తెలుగువారు. బెంగుళూరులో పట్టము పుచ్చుకొని, పూనాలో ఇంజనీరింగు చదివి, బొంబాయి ప్రభుత్వమున చిరకాలము పనిచేసి, 1908లో మూసీ వఱద ముంచిన హైదరాబాదునకు రక్షణోపాయము చూపి, 1909లో మైసూరున ప్రధాన ఇంజనీరై, 1912లో దివాను పదవి నధిష్ఠించెను. 1955లో భారతరత్న బిరుదమందెను. నూఱేండ్లు దాటి జీవించి 1962లో కీర్తిశేషుడయ్యెను.

ఆయన చిత్రపటమును చూడనివారు ఈ సీమలో లేరు. పాశ్చాత్యుల తీరున కుట్టిన కోటు, మెడకు టై, కన్నులకు అద్దములు, తలపై మాత్రము జరీఅంచు మైసూరు పేట. ఈ కలయికలో ఒక విశేషమున్నది. కోటును బొత్తిగా త్రోసిపుచ్చినవారును, దానితోపాటు దొరల టోపీని కూడ పెట్టుకొన్నవారును ఆనాడుండిరి. విశ్వేశ్వరయ్య ఈ రెండు త్రోవలను విడిచి, మెడ వఱకు యంత్రయుగమును, మెడకు పైన స్వదేశమును నిలిపెను. పరిశ్రమలు స్థాపింపని జాతికి మనుగడ లేదని బోధించిన వ్యక్తికి ఇంతకంటె తగిన వేషము దొరకదు. ముదిమిలోను ఆయన వస్త్రధారణలో అలసత లేకుండుట చూచినవారందఱును చెప్పుకొన్న సంగతి. ఇస్త్రీ నలగని కోటు ఆయన విషయమున ఆడంబరము కాదు. కాలనియమము వంటిదే మఱియొక నియమము. అనుకరించినవారందఱును ఈ భేదమును గ్రహించిరని చెప్పజాలము. పేట ధరించుట సులభము, వేళకు వచ్చుట కష్టము.

ఆయన జన్మదినమైన సెప్టెంబరు 15 దేశమంతట ఇంజనీర్ల దినముగా జరుగుచున్నది. ఆనాడు బడిపిల్లలు కాగితపు పేటయు, తండ్రి కళ్ళద్దములును పెట్టుకొని విశ్వేశ్వరయ్య వేషము కట్టుట పరిపాటి. బాలురకు ఇంజనీరనగా సూత్రములు కాదు, పేట.

విశ్వేశ్వరయ్యతోపాటు తలచుకొనదగినది మఱియొక తెలుగువాని తలపాగా. సర్వేపల్లి రాధాకృష్ణన్ 1918 నుండి 1921 వఱకు మైసూరు మహారాజా కళాశాలలో తత్త్వశాస్త్రాచార్యుడు. ఆయన తలపాగా తెల్లనిది, జరీ మెఱుపు లేనిది; కోటు మెడ వఱకు మూసినది, మోకాళ్ళ వఱకు దిగునది. ఆక్సుఫర్డులోను, 1962 తరువాత రాష్ట్రపతి భవనమునను ఆయన దీనిని విడువలేదు. ఒకటి కార్యాలయపు తలపాగా, రెండవది విద్యాపీఠపు తలపాగా. పాత మైసూరు ఉపాధ్యాయుల సామూహిక ఛాయాచిత్రములను పరికించినచో ఈ రెండు తీరులును ప్రక్కప్రక్కనే కానవచ్చును.

పేట విషయమున ఒక చమత్కారము చెప్పవలసియున్నది. దానికి కావలసిన పట్టును, పసిడియు రెండును ఈ సీమలోనే పుట్టినవి. శిడ్లఘట్ట పట్టుగూళ్ళ సంత దేశమున పేరుపడినది. కోలారు గనులు నూటయిరువది ఏండ్లలో సుమారు 800 టన్నుల బంగారము నిచ్చినవని లెక్క. అయినను జరీకి పేరు పొందినది సూరతు. గనుల బంగారమా, దశాబ్దముల పాటు ఓడలపై ఇంగ్లండునకు తరలినది. పండించినవాని తలపై నూలు రుమాలే మిగిలినది.

ఇక పేట క్రమముగా నిత్యవేషము నుండి తొలగి సన్మానవస్తువైనది. నేడు కన్నడదేశమున పెద్దలను గౌరవించునపుడు శాలువయు, గంధపుమాలయు, పేటయు సమర్పించుట ఆచారము. పెండ్లికుమారుడు కూడ దీనిని ధరించుచున్నాడు. కాని చుట్టుట తెలిసినవారు తఱిగిరి గనుక, అట్టమీద మడతలు కుట్టి, టోపీవలె పెట్టుకొనునట్లు సిద్ధము చేసిన పేటలు అంగళ్ళలో అమ్ముచున్నారు. చుట్టిన పేట ప్రతిదినమును తలకు తగినట్లు క్రొత్తగా పుట్టునది. కుట్టిన పేట తల కొలతను ముందే నిర్ణయించుకొనును. సన్మానితుని తల పెద్దదైనచో పేట పైన నిలుచును, చిన్నదైనచో కనుబొమలపైకి జాఱును. సన్మానసభల ఛాయాచిత్రములే ఇందులకు సాక్ష్యము.

పేటకు ఎదురు నిలిచినది ఖద్దరు. 1927లో గాంధీజీ అనారోగ్యానంతరము విశ్రాంతికై నంది కొండపై కొన్ని వారములు గడపెను. అప్పటికి ఆయన తలపై ఏమియును లేదు. 1921లో మధురలో కొల్లాయి గట్టిన తరువాత ఆయన వేషము అంతటితో సరి. గాంధీ టోపీ యను పేరు మాత్రము ఊరూర వ్యాపించెను. నాయకుడు విడిచిన దానిని అనుచరులు ఆయన పేరిటనే ధరించుట వేషచరిత్రలో అరుదైన విషయము. పేట ఉద్యోగమును సూచించునది; టోపీ ఉద్యోగము విడుచుటకైనను సిద్ధమని సూచించునది. 1938 ఏప్రిల్ 25న గౌరీబిదనూరు తాలూకా విదురాశ్వత్థమున జెండా సత్యాగ్రహమునకై గుమిగూడిన జనముపై పోలీసులు కాల్పులు జరుపగా పలువురు ప్రాణములు కోల్పోయిరి. అట్టి దినములలో తెల్లటోపీ అలంకారము కాదు, లాఠీకి గుఱి. ఈ సీమలోని క్యాసంబళ్ళివాడైన కె. చెంగలరాయ రెడ్డి 1947లో మైసూరు ప్రథమ ముఖ్యమంత్రియైన పిమ్మట ఖద్దరు అధికారవేషమైనది. అంతటితో దాని పదును తగ్గెననుట సత్యమునకు దూరము కాదు.

బంగారుగనుల సంగతి వేఱు. 1880 నుండి జాన్ టైలర్ సంస్థ నడపిన ఆ గనుల చుట్టును రాబర్టుసన్‌పేట, ఆండర్సన్‌పేట, ఊరుగాం, ఛాంపియన్ రీఫ్, మారికుప్పము అను పేటలు వెలసినవి. దొరల బంగళాలును, క్లబ్బును, 1902లో శివసముద్రము నుండి వచ్చిన విద్యుద్దీపములును చూచి దానిని చిన్న ఇంగ్లండు అనిరి. అచ్చటి గుమాస్తాలకు ఆదర్శము దివాను కాదు, దొర. క్రింద పనిచేయు కూలీలు ఉత్తరార్కాటు, చిత్తూరు సీమల నుండి వచ్చినవారు; అందు అత్యధికులు అస్పృశ్యులని ఊళ్ళు దూరముంచిన కులములవారు. మూడు కిలోమీటర్లకు మించిన లోతున, రాయి కాలుచుండు చోట, బట్ట భారమే. కావున గని కార్మికుని వేషమంతయు భూమి పైది, సెలవునాటిది. ఇస్త్రీ చొక్కా ఆయనకు విలాసము కాదు. తాను గనిలోనివాడు మాత్రమే కాడని చాటు పత్రము.

ఈ నేపథ్యమున డాక్టరు అంబేద్కరు కోటు ఏమి చెప్పెనో గ్రహింపవచ్చును. గాంధీజీ బట్ట విడిచి పేదవానికి చేరువైనాడు. అంబేద్కరు బట్ట తొడిగి పేదవానికి దారి చూపినాడు. మోకాలి క్రిందికి పంచె కట్టరాదని, మేలిబట్ట తొడగరాదని గ్రామములు శాసించిన కులములకు కొల్లాయి ఆదర్శముగా తోచుటకు ఆస్కారము లేదు. వారి వద్ద అది యెల్లప్పుడు నున్నదే. నీలి కోటు, టై, చేత పుస్తకము గల విగ్రహము దళితవాడలలో నిలుచుట కేవలము భక్తి కాదు. పెండ్లికి కోటు కుట్టించుకొను గని కార్మికుని కుమారుడు దొరను అనుకరించుచున్నాడని నవ్వినవారు ఈ తేడాను గుర్తింపలేదు. విశ్వేశ్వరయ్య పేటను తొడుగుటకు ఉద్యోగము కావలసియుండెను; అంబేద్కరు కోటును తొడుగుటకు ధైర్యము చాలెను.

చలనచిత్రములు వచ్చిన తరువాత ఆదర్శపురుషుడు కచేరీ నుండి తెరపైకి మాఱెను. 1953 నాటి ‘దేవదాసు’తో అక్కినేని లాల్చీయు, ఉత్తరీయమును తెలుగు పల్లెల యువకులను ఆకర్షించినవి. 1971లో ‘మోసగాళ్ళకు మోసగాడు’ చిత్రమున కృష్ణ ధరించిన గుఱ్ఱపురౌతు టోపీయు, నడికట్టును అంతకు ముందు తెలుగువానికి తెలియని వస్తువులు. గనుల పట్టణమున తమిళులు అధికులు గనుక అచ్చట ఎం. జి. రామచంద్రన్ వేషమునకు అధిక ప్రతిష్ఠ: నల్లని చలువ అద్దములు, ముదిమిలో నూలుగడ్డ వంటి తెల్లని టోపీ, చొక్కా చేతిపైనే కట్టిన గడియారము. 1972 నాటి ‘బంగారద మనుష్య’ను చూచి పట్టణము విడిచి సేద్యమునకు మఱలిన యువకులున్నారని కన్నడదేశమున ప్రసిద్ధి, రాజకుమార్ తుదివఱకు సభలకు తెల్లపంచె, తెల్లచొక్కాలతోనే వచ్చెడివాడు. ఒకే వీధిలో మూడు భాషల నాయకులు మూడు కత్తిరింపులను నేర్పిన పట్టణములు దక్షిణదేశమున అరుదు. దర్జీకిని, మంగలికిని మూడు భాషల చిత్రములును తెలిసియుండవలెను.

గనులు 2001 ఫిబ్రవరి 28న మూతపడినవి. పనికై వేలమంది మారికుప్పము నుండి బెంగుళూరునకు ప్రతిదినము రైలులో పోయివచ్చువారైరి. పట్టణము పేరు లోకము మఱచుచుండగా, 2018 డిసెంబరు 21న ‘కె. జి. ఎఫ్.’ చిత్రము కన్నడ, తెలుగు, తమిళ, హిందీ, మలయాళ భాషలలో వెలువడెను. రెండవ భాగము 2022 ఏప్రిల్ 14న వచ్చెను. నాయకుడు యశ్ పెంచిన దట్టమైన గడ్డము, భుజముల దాక దిగిన జుట్టు, పొడుగు కోటు ఆ యేండ్ల యువకులకు మాతృకలైనవి. పేటకు చుట్టువాడు కావలెను, కోటుకు దర్జీ కావలెను. గడ్డమునకు కావలసినది ఓపిక మాత్రమే. అందుచేతనే అది అన్నిటికంటె వేగముగా వ్యాపించెను.

చిత్రకథ 1951 మొదలుకొని 1981 వఱకు నడచును. కథలోని గని ప్రభువుల సొత్తు, కూలీలు బానిసలు. చరిత్రలోని గనులు 1956లో మైసూరు ప్రభుత్వమునకును, 1962లో కేంద్రమునకును సంక్రమించినవి. 1972లో భారత్ గోల్డ్ మైన్సు సంస్థ ఏర్పడినది. అచ్చట సంఘములుండెను, సమ్మెలుండెను. సయనైడు గుట్టల నేపథ్యము నిజము, నడచిన కథ కల్పితము. ఆ పట్టణపు యువకుడు తన ఊరి పేరు గల చిత్రమును చూచి గడ్డము పెంచునపుడు అనుకరించునది గనిని జయించిన వీరుని. గనిలో దిగిన తాతను కాదు. తాత తలపై నుండినది దీపము తగిలించిన గట్టి టోపీ. దానిని ఏ అంగడివాడును ఇంతవఱకు కుట్టి అమ్మలేదు.