పరిశోధకుని యోగక్షేమములు

యోగక్షేమము లను ద్వంద్వమును లోకము కుశలమను నర్థమున వాడుచున్నది. వ్యాఖ్యాతలు మాత్రము దానిని విడదీసి, లేనిదానిని బొందుట యోగమనియు, పొందినదానిని గాపాడుకొనుట క్షేమమనియు జెప్పుదురు. పరిశోధనకు బ్రభుత్వధనము వలయునని వాదించువారు ఈ రెండర్థములను వేరువేరుగా జూడవలసియున్నది. యువకునకు నెలనెల భృతి యొసగి పరిశోధనలో బ్రవేశపెట్టుట యోగము. అట్లు శిక్షితుడైనవానిని ఆ విద్యలోనే నిలుపుట క్షేమము. నేటి విధానమున మొదటిది వృద్ధి పొందుచుండగా రెండవది వెనుకబడియున్నది. తిరుపతియందలి విద్యాసంస్థల చరిత్రమువలన నీ భేదము స్పష్టమగును.

విద్యార్థులకు భృతి యేర్పరుచుట మనదేశమునకు గ్రొత్త గాదు. నేటి విల్లుపురము జిల్లాలోని ఎణ్ణాయిరమున మొదటి రాజేంద్రచోళుని కాలపు శాసన మొకటి కలదు. అందు 340 మంది విద్యార్థులకు నిత్యధాన్యము విధింపబడినది. వారిలో 270 మంది క్రిందితరగతివారు, 70 మంది పైతరగతివారు. క్రిందివారిలో 40 మంది రూపావతారమను వ్యాకరణగ్రంథమును జదువువారు. పైవారిలో 25 మంది వ్యాకరణమును, 35 మంది ప్రాభాకరమీమాంసను, 10 మంది వేదాంతమును జదువువారు. పైతరగతివారికి ధాన్యభాగ మధికము. ఆ శాసనమే ఉపాధ్యాయులకును జీవిక గల్పించినది. చదువువానికి భృతియు, చదివి పండితుడైనవానికి స్థానమును ఒక్క దానముననే యిమిడియుండుట గమనింపదగినది.

ఇట్టి యేర్పాటునకు ఆధునికకాలపు టుదాహరణము తిరుపతిలో గలదు. దేవస్థానమువారు శాసనపరిశోధనకై సాధు సుబ్రహ్మణ్యశాస్త్రిగారిని నియోగించిరి. ఆయన పరిశ్రమఫలముగా 1930 లో శాసనముల నివేదికయు, 1931 మొదలుకొని శాసనసంపుటములును వెలువడినవి. తాళ్లపాక కవుల సంకీర్తనముల రాగిరేకులును ఈ ప్రయత్నముననే లోకమునకు దెలిసినవి. 1939 లో దేవస్థానమువారు శ్రీ వేంకటేశ్వర ప్రాచ్యపరిశోధనసంస్థను స్థాపించిరి. మదరాసు ప్రాచ్యలిఖితపుస్తక భాండాగారమున జిరకాలము తాళపత్రములతో గాలము గడపిన వేటూరి ప్రభాకరశాస్త్రిగారు తిరుపతికి వచ్చి, 1950 లో దివంగతులగువరకు నిచ్చట బరిశోధన సాగించిరి. అనంతరము మైసూరు మహారాజ కళాశాలలో దెలుగు బోధించి విరమించిన రాళ్లపల్లి అనంతకృష్ణశర్మగారు వచ్చి సంకీర్తనముల పరిష్కరణ భారమును వహించిరి.

ఇందు మూడంశములు కలవు. దేవస్థానముయొక్క ధనము భక్తులు సమర్పించినది, కావున బ్రజల సొత్తు. ఆ ధనము పండితులకు బరీక్షకాలపు భృతిగా గాక స్థిరమైన జీవికగా నొసగబడినది. మదరాసున బడసిన లిపిపరిచయమును, మైసూరున బడసిన సంగీతసాహిత్యానుభవమును తిరుపతికి జేర్చినవి గ్రంథములు గావు, మనుష్యులు. శిక్షణము, స్థానము, సంచారము అను నీ మూటిలో నేది లోపించినను రాగిరేకులు రేకులుగానే యుండెడివి.

ఆ సంస్థ 1954 లో నేర్పడిన శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయమునకు 1956 లో నప్పగింపబడినది. 1961 లో గేంద్రప్రభుత్వము తిరుపతిలో సంస్కృతవిద్యాపీఠమును నెలకొల్పినది. అది 2020 నాటి చట్టమువలన జాతీయ సంస్కృత విశ్వవిద్యాలయమైనది. ఇట్లొక్క పురముననే రాష్ట్రవిశ్వవిద్యాలయ మొకటి, కేంద్రవిశ్వవిద్యాలయ మొకటి యున్నవి. విశ్వవిద్యాలయ ధనసహాయసంఘమువారి నెట్ పరీక్షలో ఫెలోషిప్పు బడసినవాని కెచ్చట జదివినను భృతి సమానమే. 2014 లో నెలకు 25,000 రూపాయలుగా నిర్ణయింపబడిన యీ భృతి 2019 లో 31,000 అయ్యెను. 2023 జనవరి నుండి మొదటి రెండేండ్లు 37,000, తరువాతి మూడేండ్లు 42,000 రూపాయలుగా జేయబడినది. ఆ పరీక్షలో ఫెలోషిప్పు దొరకనివారికై సంఘమువా రేర్పరచిన 8,000 రూపాయల భృతి కేంద్రవిశ్వవిద్యాలయములకే పరిమితము. తాళపత్ర మొక్కటియే, లిపి యొక్కటియే, పుర మొక్కటియే; ప్రాకారము మారగానే భృతి మారుట కెట్టి శాస్త్రయుక్తియు గానరాదు.

ఇది యోగమునందలి లోపము. క్షేమమునందలి లోప మింతకంటె బెద్దది. 2022 నాటి నియమములనుబట్టి డాక్టరేటునకు గరిష్ఠకాల మారేండ్లు. ఫెలోషిప్పు కాల మైదేండ్లు. పట్టము చేతికందిన పిదప స్థానము దొరకుట యే ఫెలోషిప్పు నియమములోను జేరియుండదు. 2022 లో రాధాకృష్ణన్ గారి పేర నెలకు 50,000 రూపాయల చొప్పున మూడేండ్ల యుత్తరపరిశోధన ఫెలోషిప్పులు ప్రకటింపబడినవి. దేశమంతటికి వాని సంఖ్య 900. అనుసంధాన జాతీయ పరిశోధన ప్రతిష్ఠానమున కై 2023 నాటి చట్టము వెలసినది. దానికి ఐదేండ్లలో 50,000 కోట్ల రూపాయలు సమకూర్పదలచిరి. కాని యా చట్టము శాస్త్రసాంకేతికములతో సంబంధించిన మేరకే సాహిత్యాదివిద్యలను స్వీకరించినది. వ్యాకరణగ్రంథపరిష్కర్త కందు జోటు దొరకుట కష్టము.

ఐదేండ్ల భృతి చాలదా, పిమ్మట పాఠశాలలో నధ్యాపకుడై జీవింపరాదా యని కొందరు శంకింతురు. అధ్యాపకత్వము గౌరవమైన వృత్తియే. కాని గ్రంథలిపిని, నందినాగరిని జదువుట అభ్యాసాధీనము. పురువు దొలిచిన యాకున లుప్తమైన యక్షరమును ఛందస్సువలనను, వ్యాకరణమువలనను నూహించుట యొకనాటితో నలవడునది గాదు. విడిచిన గొలదిదినములలో మరుగుపడును. అప్పుడు ప్రజాధన మైదేండ్లు వెచ్చించి సంపాదించిన నేర్పు నిష్ఫలమగును. 2025 నాటి కేంద్ర ఆయవ్యయపట్టికలో జ్ఞానభారత మను పేర గోటికి పైగా లిఖితప్రతులను సర్వే చేసి సంరక్షించు ప్రయత్నము ప్రకటితమైనది. ఛాయాచిత్రము దీయుటకు యంత్రము కలదు. తీసినదానిని జదివి పరిష్కరించుటకు మనుష్యుడు వలయును.

ఇక సంచారము. ఒక గ్రంథమును బరిష్కరింప బూనినవాడు తిరుపతి ప్రతితో దృప్తినొందరాదు. మదరాసు, తంజావూరు సరస్వతీమహలు, మైసూరు మొదలగు చోట్ల ప్రతులను జూచి పాఠాంతరములను బోల్పవలెను. సాహిత్యశాస్త్రముల పరిశోధకునకు పై ఫెలోషిప్పున మొదటి రెండేండ్లు భృతికి వెలిగా నేటికి లభించు చిల్లరఖర్చుల సొమ్ము 10,000 రూపాయలు. పుస్తకములు, ప్రతిలేఖనము, ప్రయాణము అన్నియు దానిలోనివే. ఐరోపీయసమాఖ్యవారి మేరీ క్యూరీ ఫెలోషిప్పుల నియమము వేరు. అభ్యర్థి తాను జేరదలచిన దేశమున బూర్వపు 36 నెలలలో 12 నెలలకు మించి వసించి యుండరాదు. అనగా స్థానాంతరగమనమే యచ్చట నర్హత. మనపూర్వులు న్యాయమునకై మిథిలకును, నవద్వీపమునకును బోయినదియు నీ న్యాయముననే.

కావున విధానకర్తలు చేయవలసినవి మూడు. నెట్ లేని పరిశోధకుని భృతి కేంద్రరాష్ట్రభేదము లేక యుండవలెను. ప్రతి లిఖితప్రతి భాండాగారమునను గొన్ని స్థిరమైన పరిష్కర్తృస్థానము లుండి, శిక్షితులైన పరిశోధకులతో నింపబడవలెను. పాఠాంతరసేకరణమునకై యేటికి గొన్నిమాసములు పరభాండాగారములందు వసించుటకు బ్రత్యేకధనము విధింపవలెను. మొదటిదానికంటె రెండవదానికి దీర్ఘకాలము ధనము వలయును, నిజమే. కాని క్షేమములేని యోగము చిల్లికుండలో నీరు వోయుట వంటిది; ఎంత పోసినను నిలువదు. భృతి హెచ్చినదా యని మాత్రమే గాక, భృతి ముగిసినవా రెందున్నారని గూడ విద్యాసంస్థలు లెక్క దీయుట యుచితము.