దాంపత్య సఖ్యము - పంచాయతీ సభ్యుల బాధ్యత

20 ఏండ్లు కాపురము చేసిన దంపతులును ఒక్కొక్కప్పుడు మాటలు కరవై, ఒకే ఇంట పరాయివారివలె మెలగుచుందురు. అట్టి తగవు మన ముందునకు వచ్చినపుడు "కలిసి ఉండుడు" అని చెప్పి పంపుట సులభము. కాని సాన్నిహిత్యము ఆజ్ఞకు లోబడునది కాదు.

1955 నాటి హిందూ వివాహ చట్టము 9వ సెక్షను క్రింద, విడిపోయిన భార్యను గాని భర్తను గాని కాపురమునకు రమ్మని కోర్టు ఆదేశింపవచ్చును. ఇది వ్యక్తి గౌరవమునకు భంగకరమని 1983లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు కొట్టివేయగా, 1984లో సుప్రీంకోర్టు చెల్లునని తేల్చినది. అయినను ఆ డిక్రీకై ఆస్తిని జప్తు చేయవచ్చునే గాని మనిషిని బలవంతముగా తెచ్చుటకు వీలులేదు.

కావున మనము ఇరువురి మాటను వేర్వేరుగా, తొందరపడక విందము. దినమునకు కొంతసేపు కలిసి భుజించి, కష్టసుఖములు చెప్పుకొనుటతో ఆరంభింపుడని చెప్పుదము. శారీరక సాన్నిహిత్యము ఇరువురి ఇష్టముతో, క్రమముగా తిరిగి రావలసినది. ముట్లుడుగుట, మధుమేహము వంటి కారణములున్నచో వైద్యుని సలహా పొందవలెను.

కొట్టుట, బెదరించుట ఉన్నచోట రాజీ కూడదు. 2005 నాటి గృహహింస చట్టమును, 1987 చట్టము స్త్రీలందరికిని కల్పించిన ఉచిత న్యాయసహాయమును తెలుపుదము.

గడప వరకే మన వంతు. ఆపై కాపురము వారిది.