వేలిముద్రకు ముందు

మన కురబలకోట పల్లెల నుంచి అక్కనో వదిననో స్కానింగుకు మదనపల్లెకు తీసుకుపోతే, అక్కడి కాగితాలు చదవాల్సింది చదువుకుంటున్న మనమే. అందుకే గర్భస్థ పరీక్షల చట్టం మనకు తెలిసి ఉండాలి.

ఈ పరీక్షలు చెడ్డవి కావు. బిడ్డ వెన్నెముక లోపాలు, తలసీమియా వంటి రక్తవ్యాధులు పుట్టకముందే తెలుస్తాయి. అయితే వీటితోనే ఆడబిడ్డ అని తెలుసుకుని గర్భం తీయించడం పెరిగింది. దాన్ని ఆపడానికి 1994లో చేసిన చట్టం 1996 జనవరి 1 నుంచి అమలైంది. ఆడో మగో సైగతో చెప్పినా నేరమే. మొదటిసారికే మూడేళ్ళ వరకు జైలు. అయినా దేశంలో ఆరేళ్ళలోపు పిల్లల్లో వెయ్యిమంది మగపిల్లలకు 2001లో 927 మంది ఉన్న ఆడపిల్లలు, 2011 నాటికి 919కి తగ్గారు.

ఇదే చట్టంలో మరో హక్కు ఉంది. ఉమ్మనీరు తీసి చేసే పరీక్ష వంటివాటికి ముందు, అందులోని ప్రమాదాలను తల్లికి వివరించాలి. ఆమెకు తెలిసిన భాషలో రాతపూర్వక అంగీకారం తీసుకుని, నకలు ఆమెకివ్వాలి. అడగవలసింది అత్తను కాదు, భర్తను కాదు, ఆమెను.

లోపం ఉందని తేలినా గర్భం తీయించుకోమని ఆమెను బలవంతపెట్టడం న్యాయం కాదు. వైకల్యంతో పుట్టిన బిడ్డకూ చదువులో, బతుకులో సమాన హక్కులున్నాయని 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం చెబుతోంది.

కనుక మీ అక్క వేలిముద్ర వేయకముందే ఆ కాగితం మొత్తం ఆమెకు చదివి వినిపించండి. అర్థం కానిది డాక్టరునే అడగండి.