గురువును వెతుక్కోవలసిన చదువు

“అడవి సూసుటానికి సదువెందుకు బామ్మర్దీ? ఊళ్ళె అందరం రోజూ సూస్తనే ఉన్నం గద!”

పోయిన వేసవిలో జింగనూర్ వెళ్ళినప్పుడు మా బావ అన్నమాట ఇది. నవ్వొచ్చింది గానీ వెంటనే జవాబు తోచలేదు.

జింగనూర్ గడ్చిరోలి జిల్లా సిరొంచ తాలూకాలో అడవి పట్టున ఉన్న ఊరు. మావాళ్ళకు ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ, చుట్టుపక్కల గూడేల్లో గోండి. బి.యస్సీ. అయిన మా మేనకోడలు కన్జర్వేషన్ బయాలజీ, అంటే అడవినీ జీవజాతులనూ కాపాడుకునే శాస్త్రం, చదువుతానంటుంది. బావ బి.యెడ్. చెయ్యమంటాడు. ఆయనను తప్పు పట్టలేను. బి.యెడ్. దారి నలుగురూ నడిచినది. ఈ దారిలో మా ఇంట ఎవరూ అడుగు పెట్టలేదు.

బావకు చెప్పాల్సిన జవాబు తర్వాత కడప జిల్లా సంగతి గుర్తొచ్చినప్పుడు దొరికింది. 1900 తర్వాత ఎవరికీ కనబడక, అంతరించిందనుకున్న కలివికోడి 1986 జనవరిలో అక్కడ మళ్ళీ బయటపడింది. వెతికింది బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ పరిశోధకుడు భరత్ భూషణ్. రాత్రిపూట టార్చి వెలుగులో దాన్ని పట్టిచ్చింది మాత్రం ఐతన్న అనే స్థానికుడు. పిట్ట ఎక్కడ తిరుగుతుందో ఆయనకు తెలుసు. అయితే ఎన్ని ఉన్నాయి, ఎలాంటి పొదల్లో బతుకుతాయి, ఏ నేల పోతే అవి పోతాయి అన్నది తేల్చడానికి వేరే పని కావలసివచ్చింది. 2000 తర్వాత పి. జెగనాథన్ అనే పరిశోధక విద్యార్థి పొదల మధ్య నేల చదును చేసి పాదముద్రలు చూశాడు, రికార్డు చేసిన కూత వినిపించి బదులు కోసం చెవి ఒగ్గాడు. ఆయన వెనుక ఆ సంస్థ పెద్దలూ, ఇంగ్లండు శాస్త్రజ్ఞులూ ఉన్నారు. ఐతన్న ఎరుక, ఈ లెక్క, రెండూ కలిస్తేనే పిట్టకు రక్షణ.

ఇక ఎక్కడ చదవాలి? డెహ్రాడూన్‌లోని వైల్డ్‌లైఫ్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇండియా 1982లో ఏర్పడింది, 1988 నుంచి ఎమ్మెస్సీ నడుపుతోంది. బెంగుళూరు ఎన్.సి.బి.ఎస్.లో 2004లో ఇలాంటి కోర్సే మొదలైంది. తమిళనాడు మయిలాడుదురైలోని ఎ.వి.సి. కాలేజీకి ఈ రంగంలో మంచి పేరుంది. పిహెచ్.డి.కి బెంగుళూరులో ‘ఏట్రీ’, మన హైదరాబాదులో సి.సి.ఎం.బి.కి చెందిన ‘లాకోన్స్’ ఉన్నాయి. సీట్లు తక్కువ, కొన్నిచోట్ల ఏటా ప్రవేశాలు ఉండవు కూడా. కనుక ఒక ఏడాది ముందే కనుక్కోవాలి. గిరిజన విద్యార్థులకు పిహెచ్.డి.కి కేంద్రప్రభుత్వ ఫెలోషిప్ ఉంది. విదేశీ చదువుకు ఏటా 20 మందికి ఇచ్చే నేషనల్ ఓవర్సీస్ స్కాలర్‌షిప్ సంగతి మన ప్రాంతంలో ఎంతమందికి తెలుసు?

మన ఇళ్ళల్లో కాలేజీ పేరు చూసి చేరడం అలవాటు. ఈ చదువులో, పిహెచ్.డి. దగ్గరికొచ్చేసరికి, ముందు చూడవలసింది గైడును. అమెరికాలో అయితే ఈ రంగంలో చాలాచోట్ల ప్రొఫెసర్ ‘నా దగ్గరికి రా’ అంటేనే దరఖాస్తు ముందుకు సాగుతుంది. మన ఖర్చుకు డబ్బు కూడా తరచు ఆయన ప్రాజెక్టు నుంచే వస్తుంది. అందుకే వారి వ్యాసాలు రెండైనా చదవాలి. వారి పాత విద్యార్థులను నిర్మొహమాటంగా అడగాలి: డిగ్రీ ఎన్నేళ్ళకు వచ్చింది? వ్యాసంలో మీ పేరు వేశారా? అడవిలో బస ఎలా ఉంటుంది? ఆడపిల్లను పంపే తల్లిదండ్రులకు ఈ ఆఖరి ప్రశ్నే మొదటిది.

మా అమ్మాయి ఇదేమీ తెలియక ఒకే ఉత్తరాన్ని ముప్పైమందికి ఈమెయిల్ చేసింది. “ఒక్కలు గూడ జవాబియ్యలే మామా” అంది. చూపించమన్నాను. ‘వన్యప్రాణులంటే నాకు చిన్ననాటి నుంచీ అమితమైన ప్రేమ’ అని మొదలైంది. అందరికీ ప్రేమే, పాపం!

“మరి నువ్వు చూసినదేమిటే?” అన్నాను.

కాసేపు ఆలోచించి నోటుబుక్కు తెచ్చింది. ఇప్పపూలు ఏరేముందు చెట్ల కింద ఆకులు కాలుస్తారు కదా, కాల్చిన చోట ఇప్పమొలకలు ఎన్ని, కాల్చని చోట ఎన్ని అని ఒక ఎండాకాలమంతా రాసుకుంది. చెట్ల పేర్లు గోండిలో, లెక్కలు మరాఠీలో, పక్కన తెలుగులో సందేహాలు. ఇంత సరుకు దగ్గర పెట్టుకుని ప్రేమ గురించి రాసింది!

ఆ రాత్రి ఇద్దరం కూర్చుని కొత్త ఉత్తరం రాశాం. పదిహేను వాక్యాలు. తనెవరు, ఏం లెక్కపెట్టింది, ఏం అర్థం కాలేదు, వారి ఏ వ్యాసం చదివితే ఈ ప్రశ్న వచ్చింది. ఇంగ్లీషు సాదాగానే ఉంది, ఉండనిచ్చాం. ఈసారి నలుగురికే, ఎవరిది వారికి విడిగా పంపింది.

పన్నెండో రోజున ఒకరి నుంచి జవాబు వచ్చింది. సీటు ఇస్తాననలేదు. కాల్చిన చెట్లూ కాల్చనివీ ఒకే వయసువా, పశువులు మేసే చోటు ఏది, రెండోసారి లెక్కపెట్టారా అని మూడు ప్రశ్నలు అడిగారు, అంతే.

మర్నాడు పొద్దున్నే ఆమె టేపు పట్టుకుని బయలుదేరింది. టేపు రెండో కొస పట్టుకోవడానికి ఎవరూ లేరని బావ వెంట వెళ్ళాడు.