హోమ్ చాలునా, ప్రో కావాలా: విండోస్ ఎడిషన్ మార్పు గురించి

బెంగళూరు తూర్పు అంచున ఉన్న కుందలహళ్ళికి 2023 మార్చిలో మెట్రో పర్పుల్ లైన్ వచ్చింది కానీ, అంతకు చాలా ముందునుంచే బ్రూక్‌ఫీల్డ్, ఏఈసీఎస్ లేఅవుట్, ఐటీపీఎల్ పరిసరాలతో కలిసి ఈ ప్రాంతం ఆంధ్ర, తెలంగాణల నుంచి వచ్చిన సాఫ్ట్‌వేర్ ఉద్యోగులకు నివాసంగా ఉంది. ఇక్కడి పీజీ గదుల్లోనూ అపార్ట్‌మెంట్లలోనూ ఒకే మనిషి దగ్గర రెండు లాప్‌టాప్‌లు ఉండడం, ఒకటి కంపెనీ ఇచ్చినదీ మరొకటి సొంత డబ్బుతో కొన్నదీ కావడం మామూలే. రెండింటిలోనూ విండోస్ 11 ఉన్నా కంపెనీ యంత్రంలో సాధారణంగా ఎంటర్‌ప్రైజ్ ఎడిషన్, సొంతదానిలో హోమ్ లేదా హోమ్ సింగిల్ లాంగ్వేజ్ ఎడిషన్ ఉంటాయి. ఆఫీసు యంత్రంలో కుదిరే పని సొంతదానిలో కుదరనప్పుడు, డబ్బు కట్టి ప్రో ఎడిషన్‌కు మారితే మేలేమో అన్న ఆలోచన మొదలవుతుంది.

వెర్షన్, ఎడిషన్ అనే రెండింటినీ ముందుగా విడదీసి చూడాలి. విండోస్ 10 తరవాత 11 రావడం వెర్షన్ మార్పు. ఒకే వెర్షన్‌ను కొనేవారి అవసరాన్నీ స్తోమతనూ బట్టి వేరువేరు ధరలకు విడగొట్టి అమ్మితే అవి ఎడిషన్లు. వెర్షన్‌కు గడువు ఉంటుంది, అది దాటితే భద్రతా సవరణలు ఆగిపోతాయి. విండోస్ 10కు మామూలు మద్దతు 2025 అక్టోబరు 14న ముగిసినప్పుడు హోమ్‌కూ ప్రోకూ ఒకే రోజున ముగిసింది కనుక, టీపీఎం 2.0 అనే భద్రతా చిప్ లేక విండోస్ 11కు నోచుకోని పాత యంత్రానికి ప్రో కొని పెట్టడం వల్ల ఆయుష్షు పెరగదు.

ఎడిషన్ల విభజన ఇళ్లకు తెలిసింది 2001లో, విండోస్ ఎక్స్‌పీ హోమ్, ప్రొఫెషనల్ అనే రెండు పేర్లతో వచ్చినప్పుడు. 2007 నాటి విస్టాలో స్టార్టర్ నుంచి అల్టిమేట్ దాకా ఎడిషన్లు ఆరుకు పెరిగాయి, విండోస్ 7 స్టార్టర్‌లోనైతే డెస్క్‌టాప్ వెనక బొమ్మను మార్చుకునే వీలు కూడా తీసేశారు. ఏ సాంకేతిక కారణమూ లేకుండా, పై ఎడిషన్ మీద ఆశ పుట్టించడానికే ఒక సౌకర్యాన్ని తీసివేయడానికి ఇంతకంటే తేటైన ఉదాహరణ దొరకదు. నేటి హోమ్ అంత పిసినారిది కాదు.

హోమ్ నుంచి ప్రోకు మారడానికి కొత్తగా ఇన్‌స్టాల్ చేయవలసిన అవసరం లేదు. సెట్టింగ్స్‌లోని యాక్టివేషన్ పేజీలో ప్రో కీ ఇస్తే, లేదా మైక్రోసాఫ్ట్ స్టోర్‌లో అప్‌గ్రేడ్ కొంటే, యంత్రం ఒకసారి రీస్టార్ట్ అయి కొత్త ఎడిషన్‌తో తెరుచుకుంటుంది. ఫైళ్లు, ప్రోగ్రాములు ఉన్నచోటే ఉంటాయి. అమెరికాలో దీని ధర 99 డాలర్లు. ఈ డబ్బుతో వేగం రాదు. ప్రాసెసర్, మెమరీ, డిస్క్ మారలేదు కనుక హోమ్‌లో నత్తనడక నడిచిన యంత్రం ప్రోలోనూ అలాగే నడుస్తుంది, వేగం కోరేవారు అదే సొమ్మును ర్యామ్ మీదో ఎస్‌ఎస్‌డీ మీదో పెట్టడం మంచిది. హోమ్ 128 జీబీ ర్యామ్ దాకా, ప్రో 2 టీబీ దాకా అనుమతిస్తాయన్నది నిజమే గానీ, ఆ తేడా తగిలే ఇల్లు కుందలహళ్ళిలోనైనా అరుదు.

ప్రోలో అదనంగా దొరికేవాటిలో ఎక్కువమంది తప్పుగా అర్థం చేసుకునేది రిమోట్ డెస్క్‌టాప్. దూరంగా ఉన్న కంప్యూటర్ తెరను తన ముందుకు తెచ్చుకుని పనిచేసే ఈ ఏర్పాటులో రెండు కొసలు ఉంటాయి. ఎక్కడి నుంచి చూస్తున్నారో ఆ యంత్రానికి హోమ్ చాలు, ఏ యంత్రంలోకి ప్రవేశిస్తున్నారో దానికే ప్రో కావాలి. ఇంటి నుంచి కంపెనీ కంప్యూటర్‌లోకి వెళ్లే ఉద్యోగి సొంత లాప్‌టాప్‌కు అందువల్ల ప్రో అక్కర లేదు. గుంటూరులో ఉన్న తల్లిదండ్రుల కంప్యూటర్‌ను ఇక్కడి నుంచి సరిచేయడానికి హోమ్‌లోనే ఉన్న క్విక్ అసిస్ట్ సరిపోతుంది. విజయవాడలో ట్యాలీ నడిచే ఆఫీసు కంప్యూటర్‌లోకి రాత్రిపూట ఇంటి నుంచి వెళ్లవలసిన ఆడిటర్‌కు మాత్రం ఆ ఆఫీసు యంత్రంలో ప్రో ఉండడం న్యాయమైన ఖర్చే. అయితే ప్రోలోనూ ఒక వేళకు ఒక్కరే పనిచేయగలరు, ఇద్దరు గుమాస్తాలు ఒకేసారి ప్రవేశించాలంటే సర్వర్ ఎడిషన్ కావాలి. పైగా ఆ దారిని వీపీఎన్ రక్షణ లేకుండా నేరుగా ఇంటర్నెట్‌కు తెరిచి పెడితే, ఫైళ్లను బిగించి సొమ్ము గుంజే రాన్సమ్‌వేర్ ముఠాలకు అది ఇష్టమైన ప్రవేశమార్గం అవుతుంది.

ప్రోగ్రామర్లకు ఒకప్పుడు ప్రో తప్పనిసరి కావడానికి గట్టి కారణమే ఉండేది. ప్రోగ్రాములను కంటైనర్లలో విడిగా నడిపే డాకర్ డెస్క్‌టాప్ పనిచేయడానికి, హోమ్‌లో లేని, వర్చువల్ యంత్రాలను నడిపే హైపర్-వి అవసరమయ్యేది; 2020 మేలో వచ్చిన విండోస్ 10 అప్‌డేట్‌తో డబ్ల్యూఎస్‌ఎల్ 2, అంటే విండోస్ లోపలే లైనక్స్‌ను నడిపే ఏర్పాటు, హోమ్‌కూ అందడంతో డాకర్ దాని మీదే నడవసాగింది. అయినా సీనియర్ల నుంచి జూనియర్లకు పాత సలహా ఇంకా అందుతూనే ఉంటుంది. హైపర్-విలోనే వర్చువల్ యంత్రాలు నడపవలసినవారికీ, అనుమానపు ప్రోగ్రామును విడిగా తెరిచి చూసే శాండ్‌బాక్స్ కోరేవారికీ, అప్‌డేట్లను నెలల తరబడి వాయిదా వేయగల గ్రూప్ పాలసీ కావలసినవారికీ ప్రో అవసరం నేటికీ నిలిచే ఉంది.

డిస్క్‌లోని సమాచారాన్ని తాళం లేనిదే చదవరాని రూపంలోకి మార్చే ఎన్‌క్రిప్షన్ సంగతి ఇంకొంచెం చిక్కైనది. ప్రోలోని బిట్‌లాకర్‌తో ఏ డిస్క్‌కైనా, పెన్‌డ్రైవ్‌కైనా తాళం వేయవచ్చు, యంత్రం లేవకముందే పిన్ అడిగేలా చేయవచ్చు. హోమ్‌లో డివైస్ ఎన్‌క్రిప్షన్ అనే సరళ రూపం ఉంది. విండోస్ 11 2024 అప్‌డేట్‌తో వచ్చే కొత్త లాప్‌టాప్‌లలో మైక్రోసాఫ్ట్ ఖాతాతో లాగిన్ అయితే చాలు, అది సాధారణంగా తనంతట తానే మొదలై 48 అంకెల రికవరీ కీని ఆ ఖాతాలో దాస్తుంది. మెట్రోలో లాప్‌టాప్ పోగొట్టుకుంటానేమో అని భయపడే సాధారణ ఉద్యోగికి ఇంతటి రక్షణ సరిపోతుంది, ఆ కీ ఎక్కడ ఉందో తెలిసి ఉంటే. 2024 జులై 19న క్రౌడ్‌స్ట్రైక్ సంస్థ పంపిన లోపభూయిష్ట అప్‌డేట్‌తో ప్రపంచమంతటా సుమారు 85 లక్షల విండోస్ యంత్రాలు ఆగిపోయి, హైదరాబాద్ విమానాశ్రయంలో బోర్డింగ్ పాసులు చేత్తో రాసి ఇవ్వవలసి వచ్చిన రోజున, బిట్‌లాకర్ ఉన్న చాలా కంప్యూటర్లను బాగుచేయడానికి ఒక్కొక్కదానికీ ఈ కీ వెతకవలసి వచ్చింది. తాళం చెవుల లెక్క చూసే విభాగం కంపెనీకి ఉంటుంది, ఇంట్లో ఉండదు.

తెలుగు చదువరులకు ప్రత్యేకించి తగిలే విషయం హోమ్ సింగిల్ లాంగ్వేజ్. భారతదేశంలో అమ్మే లాప్‌టాప్‌లలో తరచుగా కనిపించే ఈ ఎడిషన్‌లో మెనూలు, సందేశాలు కనిపించే భాష ఒక్కటే. ఇంగ్లిష్‌తో వచ్చిన యంత్రంలో తెలుగును డిస్‌ప్లే భాషగా చేర్చబోతే లైసెన్స్ ఒక భాషకే అనుమతిస్తుందని చెబుతుంది. టైపింగ్‌కు ఈ కట్టడి లేదు. ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు, 2019 మే అప్‌డేట్‌లో చేరిన ఫొనెటిక్ కీబోర్డు అన్ని ఎడిషన్లలోనూ పనిచేస్తాయి. ఇంట్లో పెద్దవారి కోసం తెర అంతా తెలుగులో కావాలంటే మాత్రం ఎడిషన్ మార్చుకోవాలి, అది ప్రకటనల్లో ఎక్కడా కనిపించని కారణం.

ఇక ప్రో ఎడిషన్ కీల సంగతి. ఆన్‌లైన్‌లో కొన్ని వందల రూపాయలకు దొరికే ప్రో కీలలో చాలా వరకు సంస్థలకు మూకుమ్మడిగా ఇచ్చినవీ, పాత యంత్రాలకు ముడిపడి ఉన్నవీ కావడంతో, వాటిని మైక్రోసాఫ్ట్ ఎప్పుడైనా చెల్లవనవచ్చు. ఆ రోజున వెనక్కు హోమ్‌కు వెళ్లడానికి, ప్రోకు వచ్చినంత తేలికైన దారి లేదు. సాధారణంగా విండోస్‌ను మొదటి నుంచి ఇన్‌స్టాల్ చేసుకోవలసి వస్తుంది. బెంగళూరు ఎస్.పి. రోడ్డులోనో సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లోనో కొత్త యంత్రం కొనేటప్పుడైతే ప్రో అవసరమున్నవారు ప్రోతోనే వచ్చిన మోడల్ ధర కూడా అడిగి, ఆ తేడాను అప్‌గ్రేడ్ ధరతో పోల్చి చూసుకోవడం లాభం.