ఆగి ఆగి నడచు ఆట

గడచిన వైశాఖములో విజయవాడలోని మా అక్కయ్యగారి యింటికి పోయినప్పుడు ఆ యింట ఒక వివాదము నడచుచున్నది. మా మేనల్లుడు కంప్యూటరుపై ఆడు కార్ల పందెము ఇరువది నిమిషముల వరకు చక్కగా సాగి, పిదప హఠాత్తుగా కుంటుచున్నది. కారు మలుపు తిరుగునంతలో దృశ్యము బిగుసుకొనిపోవును. తిరిగి కదలునప్పటికి కారు గోడకు గ్రుద్దుకొని యుండును. "గ్రాఫిక్సు కార్డు పాతదైపోయింది మామయ్యా, కొత్తది కొంటే గాని కుదరదు" అని వాడు. కొత్త కార్డు వెల నలుబది వేల రూపాయలు. "ఆ డబ్బు నీ కాలేజీ ఫీజుకి దాచింది" అని బావగారు. నన్ను మధ్యవర్తిగా కూర్చుండబెట్టిరి.

తీర్పు చెప్పుటకు ముందు ఆట తెరపైకి ఎట్లు వచ్చునో కొంత తెలియవలెను. సినిమాలో సెకనుకు 24 బొమ్మలు మన కన్నుల ముందు దొరలిపోవును. టూరింగు టాకీసులో ఆపరేటరు చేయవలసినదెల్ల రీలు త్రిప్పుటయే; బొమ్మలన్నియు ముందే సిద్ధముగా నున్నవి. కంప్యూటరు ఆటకు ఆ సౌకర్యము లేదు. ఆడువాడు ఎడమకు తిరుగునో కుడికి తిరుగునో ఎవరికి తెలియును? ప్రతి బొమ్మను అప్పటికప్పుడు గీయవలసినదే. సెకనుకు 60 బొమ్మలు కావలెనన్న ఒక్కొక్కదానికి దొరకు వ్యవధి సుమారు 16.7 మిల్లీసెకనులు మాత్రమే. వానిలో ఒక్క బొమ్మకు 100 మిల్లీసెకనులు పట్టినదనుకొందము. ఆ సెకనులో అప్పటికిని 55 బొమ్మలు వచ్చును. సగటు లెక్క చూచిన లోపమే కానరాదు. కన్ను మాత్రము తటాలున పట్టివేయును. కనుక తెర మూలనుండు సగటు అంకెను నమ్మి "అంతయు బాగుగనే యున్నది" అనరాదు.

ఈ పనిలో ఇద్దరు కూలీలు కలరు. ప్రాసెసరు ఆటలోని కథను, కదలికలను లెక్కించును. గ్రాఫిక్సు కార్డు రంగులద్ది బొమ్మను తేల్చును. ఎవరు వెనుకబడినను రెండవవాడు చేతులు కట్టుకొని నిలుచుండవలసినదే. వెనుకబడినవాడెవడో తెలిసికొనుటకు సులువైన ఉపాయమున్నది: ఆటలో బొమ్మ రెసల్యూషనును తగ్గించి చూడుడు. వేగము పెరిగినచో భారము కార్డుది. పెరుగనిచో ప్రాసెసరు వంక గాని, మరొక వంక గాని వెదుకవలెను. మెమరీ చాలకపోయినను కుంటు వచ్చును. కార్డులోని సొంత మెమరీ నిండినప్పుడు సరకును దూరముననున్న ప్రధాన మెమరీనుండి తెచ్చుకొనవలెను. అదియు నిండినచో డిస్కుదాక పోవలెను. ఇటీవలి ఆటలు పెక్కు 16 జీబీ కోరుచుండగా, 8 జీబీలోనే ఆటయు బ్రౌజరులో ఇరువది పుటలును తెరచియుంచిన ఏమగునో చెప్పనక్కరలేదు.

వైద్యుడు రోగిని మొదట అడుగునది జ్వరము ఎప్పుడు వచ్చుచున్నదని. ఇక్కడను అదే ప్రశ్న అడుగవలెను. క్రొత్త ప్రదేశమునకు మొదటిసారి పోయినప్పుడే ఆగి, రెండవసారి ఆగకున్నచో, అది షేడరులను అప్పటికప్పుడు సిద్ధము చేసికొనుటవలన కలిగినది. చాలవరకు దానంతటదే సర్దుకొనును. వాయిదా వేసినట్లు వచ్చి పోవుచున్నచో తెరవెనుక ఏ అప్‌డేటో, వైరసు తనిఖీయో జరుగుచుండవచ్చును. డ్రైవరు మార్చిన మరునాటినుండి వచ్చినచో వెనుకటి డ్రైవరును తిరిగి పెట్టి చూడవలెను. ఒక్కొక్కప్పుడు దోషము మనది కానే కాదు. కొన్ని రైజెన్ యంత్రములలో భద్రతకై పెట్టిన ఎఫ్‌టీపీఎం అను ఏర్పాటువలన నడుమ నడుమ యంత్రము క్షణకాలము స్తంభించునని 2022లో ఏఎండీ సంస్థయే ఒప్పుకొని, బయాసు సవరణ వచ్చునని ప్రకటించినది. ఆ జబ్బుకు ఎంత వెలగల కార్డు కొన్నను ఫలమేమి?

మా వాని జ్వరము ఇరువది నిమిషములకు వచ్చునది. నాకు వేడిమిపై అనుమానము కలిగినది. కంట్రోలు, షిఫ్టు, ఎస్కేపు మీటలు మూడును ఒక్కసారి నొక్కి టాస్కు మేనేజరును తెరచితిమి. ఆట మొదట ప్రాసెసరు వేగము నాలుగు గిగాహెర్ట్జుల దరిదాపున నుండెను. కుంటు మొదలైనప్పుడు రెండున్నరకు పడిపోయినది. ప్రాసెసరులు పెక్కు 95, 100 సెంటీగ్రేడు డిగ్రీలకు చేరగనే తమ్ము తాము కాపాడుకొనుటకు వేగము తగ్గించుకొనును. ఎండలో బరువు మోయువాడు నడక తగ్గించినట్లే, దానిని తప్పుపట్టరాదు.

ఫాను గాలిని విసరునే గాని చల్లబరుపలేదు. గదిలో 25 డిగ్రీలున్నప్పటికిని 40 డిగ్రీలున్నప్పటికిని గల భేదము ఇంచుమించుగా అట్లే లోపలి వేడిమికి చేరును. అది విజయవాడ; అది వైశాఖము. చాలదన్నట్లు ఆ పెట్టెను దుమ్ము పడకుండునట్లు చెక్క అలమరలో పెట్టి తలుపు వేసియుంచిరి! తాను వదలిన వేడిగాలినే అది తిరిగి పీల్చుకొనుచున్నది.

కరెంటు తీసివేసి, ప్రక్క రేకు విప్పితిమి. ఇంత జాగ్రత్త పడినను లోన దుమ్మును దూదిపీచును కలిసి ఫాను వెనుక కంబళివలె పరచుకొనియున్నవి. బ్లోయరుతో ఊదునప్పుడు ఫాను రెక్క తిరుగకుండ వ్రేలితో పట్టుకొనవలెను, లేనిచో ఇరుసు చెడవచ్చును. ప్రాసెసరుపై ఐదేండ్లనాటి థెర్మల్ పేస్టు ఎండి పెళుసెక్కినది. తుడిచి క్రొత్తది పూసితిమి. ఈ రెండు పనులను నడుమ పరీక్ష లేకయే చేసితిని, అది నా తొందరపాటు. ఒకటి మార్చి చూచి, పిదప రెండవది మార్చియుండిన ఏది ఎంత మేలు చేసినదో తెలిసియుండెడిది.

పెట్టెను బల్లపై గోడకు జానెడు దూరమున నుంచి ఆడించితిమి. రెండు గంటలు గడచినను కుంటు రాలేదు. వర్షపు దృశ్యములో మాత్రము కొంచెము తడబడినది; అది కార్డు శక్తికి మించిన పనియే. నీడల నాణ్యతను ఒక మెట్టు దించగా కుదురుకొన్నది. అయినను మేనల్లుని ముఖము పూర్తిగా వికసించలేదు, క్రొత్త కార్డుపై ఆశ అట్టిది. ఖాళీ అయిన అలమరలో సాయంకాలమే అక్కయ్య ఆవకాయ జాడీలు పెట్టుకొనినది.